డబ్బాలోనే ముసలిదయ్యే మోకాలు

తిరుపతిలో మోకాలి కీలు మార్పిడి మాట వస్తే టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి పేరు రాకుండా ఉండదు. మళ్లీ అలిపిరి మెట్లు ఎక్కొచ్చా, కొత్త కీలు ఎన్నేళ్లొస్తుంది అనే ప్రశ్నలూ వెంటే వస్తాయి. రెండో దానికి జవాబు నడకలో, ఒంటి బరువులో మాత్రమే లేదు. కీలులోని ప్లాస్టిక్ ఒంట్లోకి వెళ్లకముందే, డబ్బాలో ఉండగానే ముదిరిపోగలదు. ఈ సంగతి ఆలస్యంగానే తెలిసింది. బతికున్న కణాలూ వాటంతటవే ముదిరిపోతాయన్న సంగతీ అలాగే ఆలస్యంగా తెలిసింది.

1912లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో అలెక్సిస్ కారెల్ కోడిపిండం గుండె ముక్క నుంచి కణాలు పెంచడం మొదలుపెట్టాడు. ఆయన 1944లో పోయాడు, కణాలు మాత్రం 1946 దాకా సాగాయి. మేత సరిగా అందితే కణానికి చావు లేదని లోకం నమ్మేసింది. పైగా రక్తనాళాలు కుట్టే పద్ధతికి ఆయనకు 1912లోనే నోబెల్ వచ్చింది. అంతటివాడి మాట కాదనేదెవరు? తమ సీసాల్లో కణాలు ఆగిపోతే తమ పనితనానిదే లోపమనుకున్నారు మిగతావాళ్లు. కారెల్ మేతగా వాడిన కోడిపిండాల రసంతోపాటు కొత్త కణాలు చేరుతుండేవేమోనన్న అనుమానం తర్వాతెప్పుడో వచ్చింది.

ఆ నమ్మకాన్ని 1961లో కూల్చింది ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్. వాళ్ల ప్రయోగం ముచ్చటైనది. చాలాసార్లు విభజన జరిగిన మగ కణాలనూ, కొద్దిసార్లే జరిగిన ఆడ కణాలనూ ఒకే సీసాలో కలిపి పెంచారు. తేడా క్రోమోజోముల్లో కనబడుతుంది. కొన్నాళ్లకు చూస్తే మిగిలినవన్నీ ఆడ కణాలే. లోపం మేతలోనో సీసాలోనో ఉంటే రెండూ పోవాలి కదా! మనిషి మామూలు కణాలు సుమారు 50 సార్లు రెట్టింపయ్యాక ఆగిపోతాయని తేల్చారు. గడ్డకట్టించి దాచి మళ్లీ కరిగించినా లెక్క ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

లెక్క ఎక్కడ రాసి ఉందో టెలోమియర్లు చెప్పాయి. క్రోమోజోముల కొసల్లో ఉండే ఇవి విభజన జరిగినప్పుడల్లా అరుగుతాయి. ఈ పరిశోధనకు 2009లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. ఆ కొసల్ని పొడిగించే ఎంజైమ్ టెలోమెరేజ్. చాలా రకాల క్యాన్సర్ కణాలు ఆగకుండా పెరిగేదీ దాని అండతోనే. వయసు తగ్గిస్తామనే ప్రకటనల్లో ఈ సగం కనబడదు.

ఇక ప్లాస్టిక్. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ తుంటి కీలుకు మొదట టెఫ్లాన్ వాడితే అది త్వరగా అరిగిపోయింది. 1962లో పాలిథిలీన్‌కు మారాడు, మోకాలి కీలులో ఉండే ప్లాస్టిక్ కూడా ఇదే. సూక్ష్మజీవులు చావాలని దాన్ని గామా కిరణాలకు గురిచేసేవారు. చిక్కు అక్కడే వచ్చింది. కిరణాలు గొలుసు అణువులను తెంచి ఫ్రీ రాడికల్స్‌ను, అంటే దేనితోనైనా ఇట్టే కలిసిపోయే తెగిన ముక్కలను, లోపల మిగులుస్తాయి. డబ్బాలో గాలి ఉంటే ఆక్సిజన్ వాటిని పట్టుకుని, అలమరలో ఉన్నన్నాళ్లూ ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తుంది. 1990లలో ఇది బయటపడ్డాక గాలి లేని ప్యాకింగ్ వచ్చింది, తర్వాత విటమిన్-ఇ కలిపిన రకాలూ వచ్చాయి.

ప్యాకింగ్ ఎన్నేళ్లు నిలుస్తుందో చూడ్డానికి ఓవెన్ వాడతారు. ప్రతి 10 డిగ్రీలకూ చర్య వేగం రెట్టింపవుతుందన్నది లెక్క. 25 డిగ్రీల గదిలో ఏడాదికి సమానం 55 డిగ్రీల దగ్గర దాదాపు 46 రోజులు. ఇది అంచనాయే, అందుకే మామూలు గది వేడిలోనూ నమూనాలు దాచి సరిచూస్తారు. ఒంట్లో కొవ్వు పదార్థాలు, అడుగడుగునా పడే బరువు ఓవెన్‌లో ఉండవు. వాటి ప్రభావం తెలియాలంటే రెండోసారి ఆపరేషన్‌లో తీసిన పాత భాగాలను కోసి చూడాల్సిందే.