వెన్నుపూసలోకి దిగిన డిస్క్

పర్లాకిమిడి నుంచి మావయ్య ఫోన్ చేశారు. బియ్యం కొట్లో ముప్పై ఏళ్లుగా బస్తాలు దించుతున్న మనిషి. నడుం నొప్పి తగ్గకపోతే బరంపురం వెళ్లి ఎంఆర్ఐ తీయించుకున్నారు. "డిస్క్ ఎముకలోకి దూరిపోయిందట బాబూ. ఇంక నేను బస్తా ఎత్తకూడదేటి?" అన్నారు. గొంతులో భయం తెలుస్తోంది. రిపోర్టు ఇంగ్లిషులో ఉంది, డాక్టరు ఒడియాలో చెప్పారు. మావయ్యకి బజారు ఒడియా బాగానే వచ్చు గానీ వెన్నుపూస సంగతి అర్థమయ్యేంత రాదు. మన సరిహద్దు ఊళ్లలో చాలామందిది ఇదే అవస్థ.

రిపోర్టు ఫొటో పంపించమన్నాను. అందులో 'ష్మోర్ల్ నోడ్' అని ఉంది. ఈ మాటకి ఇంత హడలిపోనక్కర్లేదని ఆయనకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

రెండు వెన్నుపూసల మధ్య డిస్క్ ఉంటుంది. దాని నడుమ తాటి ముంజెలాంటి మెత్తని, నీరు నిండిన గుజ్జు. చుట్టూ గట్టి నార పొరలు. పైనా కిందా, ఎముకని ఆనుకుని, పల్చటి మృదులాస్థి మూత ఒకటి. పెద్దవాళ్ల డిస్క్ లోపలికి రక్తనాళాలు దాదాపుగా వెళ్లవు. దానికి కావలసిన పోషకాలు చాలావరకు ఈ మూతలోంచే ఊరుతాయి. అందుకే అది మరీ మందంగా ఉండడానికి వీల్లేదు.

గుజ్జు వెనక్కి పొడుచుకొస్తే నరం నొక్కుకుని కాలు లాగేస్తుంది. అందరికీ తెలిసిన డిస్క్ జబ్బు అదే. ష్మోర్ల్ నోడ్ దారి వేరు. ఇక్కడ గుజ్జు మూతని చీల్చుకుని పైకో కిందికో, ఎముకలోకే దిగుతుంది. అటువైపు కాలికి వెళ్లే నరాలు ఉండవు కాబట్టి మామూలుగా కాలికి తీపు రాదు. 1927లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పనిచేసిన పాథాలజిస్టు క్రిస్టియన్ గేయార్గ్ ష్మోర్ల్ దీన్ని వివరంగా రాశారు, పేరు ఆయనదే.

మూత ఎందుకు చీలుతుంది? ఎత్తు నుంచి కూలబడినా, నిలువునా పెద్ద బరువు పడినా చీలవచ్చు. ఎముక గుల్లబారితే కొద్దిపాటి ఒత్తిడికే లొంగిపోతుంది. ఎదిగే వయసులో పూసలు ముందువైపు నొక్కుకుపోయి వీపు వంగే షోయెర్మన్ జబ్బులో ఇవి వరసగా కనిపిస్తాయి. పిండదశలో వెన్ను తయారైనప్పుడు మిగిలిపోయిన బలహీనపు చోట్లు కూడా కారణమని చెబుతారు. బరువులు మోయడమే కారణమని మనవాళ్లు వెంటనే తేల్చేస్తారు, అది సగం నిజమే. 2007లో అచ్చయిన బ్రిటన్ కవల స్త్రీల అధ్యయనంలో సుమారు 30 శాతం మంది నడుములో ఇవి కనిపించాయి. మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 70 శాతానికి పైగా వంశపారంపర్యమేనని అందులో తేలింది. బస్తా ఎప్పుడూ ఎత్తనివాళ్లకీ వస్తాయన్నమాట.

అసలు కీలకం స్కాన్‌లో ఉంది: గుజ్జు దిగిన గుంత పాతదా, కొత్తదా? పాతదైతే చుట్టూ ఎముక గట్టిపడి గోడ కడుతుంది. ఎక్స్‌రేలో అది తెల్లని అంచులా కనిపిస్తుంది, సీటీలో ఇంకా స్పష్టంగా. గోడ కట్టకముందు ఎక్స్‌రే చాలాసార్లు ఏమీ చూపించదు. అప్పుడు ఎంఆర్ఐ కావాలి. కొత్త గుంత చుట్టూ ఎముక మజ్జలో నీరు చేరుతుంది, దాన్నే ఎడిమా అంటారు. కొవ్వు వెలుగుని అణిచి తీసే చిత్రాల్లో ఆ నీరు తెల్లగా మెరుస్తుంది. నొప్పి పెట్టేవి ఎక్కువగా ఇవే, అదీ చాలామందికి విశ్రాంతి, మందులతో తగ్గుతుంది.

ఆ మెరుపే ఒక్కోసారి టీబీ అనో, క్యాన్సర్ పాకిందనో తికమక పెడుతుంది. గుంత డిస్క్‌కి కలిసి ఉందా, పక్క పూస కూడా తినేసిందా, చీము చేరిందా అని రేడియాలజిస్టు చూసేది అందుకే. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి, ఇదివరకు క్యాన్సర్ ఉండడం, ఇవేవైనా ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా ఒక్క పూట కూడా ఆగకూడదు.

మావయ్య రిపోర్టులో నోడ్ ఉన్నది పైన, పన్నెండో ఛాతీ పూస దగ్గర. ఎడిమా లేదని రాశారు. ఆయనకి నొప్పి దానికి నాలుగు వేళ్లకన్నా ఎక్కువే కిందన, మొలతాడు కట్టే చోట. అంటే ఈ నొప్పికి ఆ నోడ్ కారణం కాకపోవచ్చు. ఎక్కడ నొప్పో అక్కడ వేలితో చూపించి డాక్టరుని మళ్లీ అడగమన్నాను. ఈసారి ఒడియా బాగా వచ్చిన మా బావమరిదిని వెంట పంపుతున్నాం.