కాస్త మారతారా అని అడిగే ముందు

చిరంజీవులకు,

మీ అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. సంక్రాంతి సెలవుల్లో మనం కలిసి సినిమాకు వెళ్ళిన రోజున జరిగిన ఒక విషయం గురించి ఆ రాత్రే మీతో మాట్లాడాలనుకున్నాను గాని, ఇల్లు చేరేసరికి అందరికీ నిద్ర ముంచుకొచ్చింది, తెల్లవారితే మీ ప్రయాణం. అందుకే ఈ ఉత్తరం. మీ స్నేహితులు ఎవరైనా చదువుతామంటే వాళ్ళకూ చూపించండి.

పండగ రోజుల్లో కొత్త సినిమాకు ఏడుగురికి ఒకే వరుసలో టికెట్లు దొరకడం కష్టం. మనకు నాలుగు ఒకచోట, రెండు ముందు వరుసలో, ఒకటి ఎక్కడో గోడ పక్కన దొరికాయి. మన నాలుగు సీట్లను ఆనుకుని ఉన్న సీట్లో ఒక అబ్బాయి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మీలో ఒకరు అతని ముందు నిలబడి, "అన్నయ్యా, మేమంతా ఒక ఫ్యామిలీ, మీరు ఒక్కరే కదా, ఆ గోడ పక్క సీట్లోకి వెళ్ళరా" అన్నారు. అప్పటికే మన పాప్‌కార్న్ డబ్బా ఒకటి అతని సీటు చేతిమీద పెట్టేసి ఉంది. అతను ఆ డబ్బా వంక, నా చేతికర్ర వంక చూసి, తన ఫోను, నీళ్ళసీసా తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. మీరు సంతోషించారు. నా మనసు మాత్రం ఆ గోడ దగ్గరే ఉండిపోయింది.

అడగడమే తప్పని నేను అనను. అడగనిదే అమ్మయినా పెట్టదు. మూడేళ్ళ పిల్ల తల్లికి నాలుగు వరుసల అవతల కూర్చోలేదు. మోకాళ్ళ నొప్పులున్నవారు వరుస మధ్యలో ఇరుక్కుంటే పదిమంది కాళ్ళు దాటి బయటికి రాలేరు. అటువంటప్పుడు ముక్కూమొహం తెలియనివారినైనా అడగవలసిందే. అయితే మన భాషలో మొహమాటం అని ఒక మాట ఉంది. కాదనాలని మనసులో ఉన్నా నోరు పెగలని స్థితి అది. "మొహమాటపడ్డాను" అంటాం, "నన్ను మొహమాటపెట్టారు" అని కూడా అంటాం. అంటే ఆ స్థితిలోకి మనిషి తనంతట తాను పడనూవచ్చు, ఇంకొకరు తోయనూవచ్చు. ఆ అబ్బాయిని మనం తోశాం. నలుగురం చుట్టూ నిలబడి, వరస కలిపి అన్నయ్యా అని పిలిచి, పెద్దదాన్ని పక్కన చూపించి అడిగితే ఎవరు మాత్రం కాదనగలరు?

ఈ అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసులో నేల, బెంచి, కుర్చీ అని తరగతులు ఉండేవి. నేల టికెట్టు కొన్నవారు ఇసుకలో కూర్చునేవారు; ఆడవారు ఒక పక్క, మగవారు ఒక పక్క. బెంచి టికెట్టు కొన్నా బెంచి మీద ఫలానా చోటు మనదని ఎక్కడా రాసి ఉండేది కాదు. ముందు వచ్చినవారు తువ్వాలు పరిచి చోటు పట్టేవారు, తరువాత వచ్చినవారు "కాస్త జరగండమ్మా" అనేవారు, అందరూ ఒద్దికగా జరిగేవారు. టికెట్టు కొన్న ప్రతివారికీ ఆ బెంచి మీద పాలు ఉంది కాబట్టి, ఆ జరగమనడంలో న్యాయం ఉంది. ఇప్పుడు అలా కాదు. ఫోనులో హాలు బొమ్మ తెరిచి, ఏ వరుసలో ఏ నంబరు సీటు ఖాళీగా ఉందో చూసుకుని, తెరకు మరీ దగ్గర కాకుండా, మరీ ఓరగా కాకుండా, అవసరమైతే నడవ పక్కనే ఉండేటట్టు ఎంచుకుని మరీ కొంటున్నారు. ఆ మనిషి కొన్నది సినిమాతో పాటు ఆ చోటును కూడా. కుర్చీలకు నంబర్లు వచ్చాయి గాని, మన నోట్లో మాత్రం బెంచీల నాటి "సర్దుకోండి" అలాగే ఉండిపోయింది.

నేనూ ఈ తప్పు చేసినదాన్నే. పెళ్ళయిన కొత్తలో, మీ అమ్మ ఇంకా చంకబిడ్డగా ఉన్నప్పుడు, ఒక టౌనులో సినిమాకు వెళ్ళాం. బాల్కనీ కింద ఉన్న తరగతిలో, ముందుగా టికెట్లు తెప్పించుకుంటే నంబర్లు వేసి ఇచ్చేవారు. మా ఆడపడుచుకు వచ్చిన సీటు వెనక వరుసలో, బాల్కనీని మోసే స్తంభం వెనక పడింది. నా పక్కన ఒక పెద్దమనిషి ఉన్నారు. "అన్నయ్యగారూ, చంటిపిల్లతో ఉన్నాను, మా ఆడపడుచు పక్కన ఉంటే కాస్త ఆసరాగా ఉంటుంది, మీరు ఆ వెనక సీటులోకి మారతారా" అని అడిగాను. "అలాగేనమ్మా" అని ఆయన లేచారు. అక్కడ స్తంభం ఉందని నాకు తెలుసు; చెప్పలేదు. ఆట సగంలో పిల్ల ఏడిస్తే ఎత్తుకుని నిలబడి వెనక్కి చూశాను. ఆయన మెడ ఒక పక్కకు వాల్చి, స్తంభం అంచు నుంచి తెర చూస్తున్నారు. కొంతసేపటికి మెడ రెండో పక్కకు మార్చారు. ఆ తరువాత వెనక్కి ఆనుకుని మాటలు వింటూ కూర్చున్నారు. ఇన్నేళ్ళయినా ఆ సినిమా తలపుకు వస్తే నాకు కథకన్నా ముందు ఆ మెడే కనిపిస్తుంది.

కాబట్టి ఎవరినైనా సీటు మారమని అడగదలచుకుంటే, ముందుగా మనం వారికి ఇవ్వబోయే సీటులో ఒక్క నిమిషం కూర్చుని చూడండి. తెర పూర్తిగా కనిపిస్తోందా, ధర అదేనా, పక్కన ఎవరున్నారు అన్నవి మీకు తెలియాలి. వారిది మధ్య సీటు అయితే మనం ఇచ్చేది కూడా మధ్యది కావాలి, లేదా అంతకన్నా మెరుగైనది కావాలి. సాటిరాని సీటు చేతిలో పెట్టుకుని అడగకపోవడమే మర్యాద. ఒంటరిగా ఉన్నవారిని మాత్రమే వెతికి అడగడం నాకు అన్నిటికన్నా కష్టంగా తోస్తుంది. ఒక్కరే వచ్చారు కాబట్టి వారికి ఎక్కడైనా ఒకటే అని మనకెందుకు అనిపించాలి? ఒంటరిగా వచ్చిన అమ్మాయిని తెలియని మగవాళ్ళ మధ్య సీటులోకి మారమని ఏ అవసరం వచ్చినా అడగవద్దు.

అడిగేది బొమ్మ పడకముందే అడగాలి. గుంపుగా కాకుండా ఒక్కరే వెళ్ళి, వారి సీటులో గాని పక్కన గాని ముందే సామాను దించకుండా, గొంతు తగ్గించి అడగాలి. "ఏమండీ, మా చెల్లెలు చిన్నపిల్ల, మాకు విడివిడిగా సీట్లు వచ్చాయి. ఇదే వరుసలో అటు చివరి నుంచి మూడోది మాది. మీకు వీలయితేనే మారండి, లేకపోతే ఏమీ అనుకోం" అని చెప్పండి. ఆ చివరి మాటను వారు జవాబు చెప్పక ముందే అనాలి, అప్పుడే కాదనడానికి వారికి దారి ఉంటుంది. తరువాత వారి ముఖం చూడండి. "అయ్యో, తప్పకుండా" అని వెంటనే లేచినవారు మనస్ఫూర్తిగా లేచినట్టు. తెర వంక ఒకసారి, టికెట్టు వంక ఒకసారి చూసి "పరవాలేదులెండి" అని నెమ్మదిగా అన్నవారికి పరవా ఉన్నట్టే. "వద్దండీ, మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం" అని మీరే వెనక్కి తగ్గండి.

మారినవారికి మన టికెట్టు నంబరు చూపించి పంపాలి. గేటు మనిషి టార్చిలైటు వేసి అడిగితే వారు తడుముకోకూడదు. వారు సీటు దగ్గరికే తినుబండారాలు తెప్పించుకుని ఉంటే, అవి పాత నంబరుకే వస్తాయి. వాటిని అందించడం మన పని. ఇక మిమ్మల్నే ఎవరైనా అడిగితే, ఇష్టం లేనప్పుడు "క్షమించండి, ఈ సీటు చూసుకుని తీసుకున్నామండి" అని చెప్పండి చాలు, అబద్ధపు కారణాలు వెతుక్కోనక్కరలేదు. మీకు కాదన్నవారి పక్కన కూర్చుని నిట్టూరుస్తూ, వారికి వినబడేలా గుసగుసలాడుతూ సినిమా చూడకండి. విడిగా కూర్చున్నా ఇంటర్వెల్‌లో ఎలాగూ కలుసుకుంటాం.

నాటకానికి వెళితే మరీ జాగ్రత్తగా ఉండాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాలకు మిమ్మల్ని తీసుకువెళ్ళాలని నాకు కోరిక. తెర మీద బొమ్మకు మనం లేచామో కూర్చున్నామో తెలియదు గాని, రంగస్థలం మీద పద్యం ఎత్తుకున్న మనిషికి ముందు వరుసల్లోని కదలిక కనిపిస్తుంది. అక్కడ తెర లేచాక ఎవరినీ కదపకూడదు, మనమూ కదలకూడదు.

ఆ రోజు ఇంటర్వెల్‌లో మీరు బయటికి వెళ్ళినప్పుడు నేను ఆ అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. అతను లేచి నాకు చోటిచ్చాడు. అక్కడ కూర్చుని చూస్తే తెర పక్కకు వంగినట్టుంది, తల పక్కనే గోడకున్న స్పీకరు. బుకింగ్ తెరిచిన రోజునే ఆ మధ్య సీటు కొనుక్కున్నానని, నేను గుచ్చి అడిగితే చెప్పాడు. వచ్చి నీ సీటులో కూర్చో నాయనా, నేను ఇక్కడ ఉంటానన్నాను. "పరవాలేదు బామ్మగారూ, పిల్లలు సరదాగా ఉన్నారు" అన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కురాలేకపోయాను.

వేసవి సెలవులకు మళ్ళీ వస్తారు కదా. అప్పుడు సీట్లు విడివిడిగా వస్తే గోడ పక్కది నాకు ఇవ్వండి. అయినా ఎవరినైనా అడగవలసి వస్తే మీలో చిన్నది వెళ్ళి అడగాలి. నేను దూరంగా, చేతికర్ర కనబడకుండా నిలబడి వింటాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ