తొలకరి వాసన ఎవరికి పిలుపు?

గుణుపురం దగ్గర వంశధార పక్కన మా చోడి చేను. తొలకరి పడిన సాయంత్రం మా అమ్మ అరుగు మీద కూర్చుని ఆ మట్టి వాసన గుండెల నిండా పీల్చుకునేది. అంత కమ్మని వాసనతో మట్టికి ఏం పని అని నాకెప్పుడూ అనుమానమే.

ఆ వాసనలో ముఖ్యమైన రసాయనం పేరు జియోస్మిన్. 1965లో పెట్టిన ఈ పేరుకి గ్రీకులో మట్టి వాసన అనే అర్థం. నేలలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా దీన్ని తయారుచేస్తుంది. టీబీని లొంగదీసిన స్ట్రెప్టోమైసిన్ మందు 1943లో దొరికింది కూడా ఈ కుటుంబం నుంచే.

జియోస్మిన్ ఎవరి కోసమో 2020లో తేలింది. తడి ఆకులు ఎత్తితే చటుక్కున ఎగిరిపడే, ఆవగింజంత స్ప్రింగ్‌టెయిల్ అనే ప్రాణుల కోసం! పొట్ట కింద మడిచి ఉన్న తోకలాంటి భాగంతో అవి గెంతుతాయి. నేల లోపల బతికే కొన్ని జాతులకి కళ్లే ఉండవు. తిండి ఎక్కడుందో వాటి మీసాలే చెప్పాలి. జియోస్మిన్ తగలగానే ఆ మీసాలు స్పందిస్తాయని ప్రయోగశాలలో కొలిచి చూశారు. బ్యాక్టీరియా సిద్ధబీజాలు కట్టే వేళకే ఈ వాసన వదులుతుంది. స్ప్రింగ్‌టెయిల్ వచ్చి మేస్తుంది. కొన్ని బీజాలు దాని ఒంటికి అంటుకుని, కొన్ని రెట్టలో పడి కొత్త చోటుకి చేరతాయి. జామపండు తిన్న పిట్ట గింజని మోసుకుపోయినట్టే. ఈ బ్యాక్టీరియా చేసే విషాలు చాలా ప్రాణులకి పడవు, స్ప్రింగ్‌టెయిల్ మాత్రం వాటిని అరిగించుకోగలదు. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలకి ఇదే వాసన ప్రమాద సూచన. జియోస్మిన్ ఉన్న పండు మీద అవి గుడ్లు పెట్టవు.

వానపాముల సంగతి డార్విన్ 1881లోనే రాశాడు. కుండీ మట్టిలో క్యాబేజీ ఆకు, ఉల్లిపాయ ముక్కలు పాతిపెడితే అవి వెతికి పట్టుకున్నాయట. సెంటు చుక్కలు వేసిన దూదిని దగ్గర పెడితే మాత్రం పట్టించుకోలేదు. తమ తిండి వాసన తప్ప వాటికి మిగతావి అక్కర్లేదు.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది నేలలో ఉండే నులిపురుగు. మిరప, వంగ వేళ్లకి బుడిపెలు తెచ్చే జాతి వేరు. నేను చెప్పేది బ్యాక్టీరియా తిని బతికే, పైరుకి హాని చేయని మిల్లీమీటరు పురుగు. దాని నాడీకణాలు మొత్తం 302. అంత చిన్న ప్రాణి వెన్న వాసనకి కారణమైన డయాసిటైల్ వైపు పాకుతుంది, ఎందుకంటే కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని వదులుతాయి. జబ్బు చేసే బ్యాక్టీరియా తిని ఒకసారి ఇబ్బంది పడిందా, తర్వాత ఆ వాసన తగిలితే తప్పుకుంటుంది. పడని కూర తిన్న పసిపిల్లాడు మళ్లీ ఆ గిన్నె చూసి మొహం తిప్పుకున్నట్టు.

ఈ వాసనలన్నీ మట్టి రేణువుల మధ్య ఉన్న గాలి సందుల్లోంచే ఎక్కువగా ప్రయాణిస్తాయి. గాలిలో కంటే నీళ్లలో వాసన వ్యాపించడం సుమారు పది వేల రెట్లు నెమ్మది. ముసురు పట్టి చేను నిండా నీళ్లు నిలిచాయంటే కింద కబుర్లు నడవవు. అందుకే మడి గట్టుకి గండి కొట్టి నీళ్లు వదిలేటప్పుడల్లా నాకు వేళ్ల కంటే ముందు ఈ చిన్న ప్రాణులే గుర్తొస్తాయి. మర్నాడు జీడిమామిడి కింద రాలిన ఆకు ఎత్తి చూస్తాను. తెల్లటి చుక్కలు నాలుగైదు ఎగిరి పక్క ఆకు కిందికి పోతాయి.