బైకు సీటు మీద మంచు

జనవరిలో ఒడిశా కొండల్లోని మా సునాబెడలో పొద్దున్నే డ్యూటీకి బయల్దేరేవాడికి మొదటి పని బైకు సీటు తుడవడం. చలి బాగా ముదిరిన రోజుల్లో గుడ్డతో పోదు, గోటితో గీకాలి. ఓసారి ఫోన్ టార్చి వేసి దగ్గర్నుంచి చూశాను. పొడిలా లేదు, సన్నటి ఈకల్లా నిలబడి ఉంది. వేలు ఆనిస్తే చాలు, ఒరిగిపోయింది.

మనకు అన్నీ మంచే. గడ్డి మీద కట్టినా, సాలూరు ఘాట్‌లో లారీలకు దారి కనపడకుండా చేసినా, హిమాలయాల్లో కురిసినా ఒకటే మాట. పేపర్లలోనైతే మంచు కురిసినా హిమపాతమే, మంచు చరియ విరిగిపడినా హిమపాతమే. మొన్న మనాలి ట్రిప్పుకి సిద్ధమవుతున్న మా కాలనీ కుర్రాళ్ళు, "కొత్త మంచు ఎంత పడితే చరియ విరిగే డేంజర్ అంత ఎక్కువ కదన్నా?" అని అడిగారు. అది సగం నిజం. కొత్తగా పడింది బరువు మాత్రమే. అసలు గండం దాని అడుగున ఉంటుంది.

కొండ మీద మంచు చలికాలమంతా పొరలు పొరలుగా పేరుకుంటుంది. మబ్బు లేని రాత్రి పై పొర వేడి కోల్పోయి, గాలిలోని తేమ నేరుగా దాని మీద గడ్డకడుతుంది. నా బైకు సీటు మీద కట్టిందీ అదే. ఇక్కడ ఎనిమిదింటికల్లా ఎండకు కరిగిపోతుంది. అక్కడ కరిగేలోపే దాని మీద అడుగున్నర కొత్త మంచు పడితే, ఆ ఈకలు నిలబడ్డవి నిలబడ్డట్టే అడుగున పూడిపోయి, వారాల తరబడి బలహీనమైన పొరగా ఉండిపోతాయి.

ఇంకో రకం బలహీనమైన పొర నేలకు దగ్గర్లో తయారవుతుంది. అడుగున నేల సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, పైన గాలి మైనస్ 15 ఉండొచ్చు. మంచు పలచగా ఉన్నప్పుడు 10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీకి మించి తేడా వస్తే, ఆవిరి పైకి కదులుతూ రవ్వల మధ్య అతుకును తినేస్తుంది. మిగిలేది పంచదారలాంటి మంచు. పిడికిట్లో నొక్కినా ఉండ కట్టదు. కాబట్టి తక్కువ మంచు పడిన ఏడాది సేఫ్ అనుకోడానికి లేదు.

దాని మీద గట్టిపడిన మంచు పలక, పలక మీద మనిషి. అడుగు పడిన చోట బలహీనమైన పొర కూలి, లోపల్నుంచి 'ధుమ్' అని చప్పుడొస్తుంది. పగులు క్షణంలో పాకుతుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలుంటే పలక మొత్తం జారుతుంది. మన పెంకుటింటి కప్పు కాస్త అటూ ఇటూగా ఆ వాలే. మరీ నిటారైతే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. సరదాగా కొండెక్కి చిక్కుకున్నవాళ్ళలో పదింట తొమ్మిది కేసుల్లో దాన్ని కదిపింది వాళ్ళో, పక్కవాళ్ళో.

అడుగు పొర ఎంత బలహీనమో చూసే పరీక్ష ఒకటి నాకు బాగా నచ్చింది. మంచులో గొయ్యి తీసి 30 సెంటీమీటర్ల చదరపు స్తంభం కోస్తారు. పైన పార పెట్టి మణికట్టు ఊపుతో పది దెబ్బలు, మోచేయి నుంచి పది, భుజం నుంచి పది. మొదటి పదిలోనే పలక తెగి జారితే వెనక్కి తిరగడమే మంచిది. తెగకపోయినా అది ఆ గొయ్యి దగ్గరి సంగతే, పది గజాల అవతల వేరేలా ఉండొచ్చు.

జారి ఆగాక మంచు సిమెంటులా బిగుస్తుంది. కూరుకుపోయినవాళ్ళని పది నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఒకరే. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున పదిమంది జవాన్లు కూరుకుపోయారు, వాళ్ళలో ఒకరిది అప్పటి కర్నూలు జిల్లా. పదిమందిలో హనుమంతప్ప అనే జవాను ఒక్కరే ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికారు. ఆయనా ఆస్పత్రిలో కన్నుమూశారు.

అందుకే ఆ కొండల్లో తిరిగేవాళ్ళు 457 కిలోహెర్ట్జ్ సిగ్నల్ పంపే బీకన్, గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార దగ్గరుంచుకుంటారు. హెలికాప్టర్ వచ్చేలోపు తవ్వాల్సింది పక్కవాడే. మా కుర్రాళ్ళ లిస్టు చూశాను. జాకెట్లు, గ్లవ్స్, సెల్ఫీ స్టిక్. మేం మనాలి దగ్గరి సోలాంగ్‌లో జనం ఉన్నచోటే ఉంటామన్నా, పైకి పోం అన్నారు.