మామోగ్రామ్ రిపోర్టు తేలకపోతే

మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. దాని రిపోర్టు చివర్లో ‘బైరాడ్స్’ (కేన్సర్ అనుమానం ఎంతో చెప్పే కొలమానం) అని, పక్కన ఒక అంకె ఉంటుంది. అది 0 అయితే ఏమీ లేదనుకుని రిపోర్టును బీరువాలో పెట్టేసేవాళ్లున్నారు. నిజానికి 0 అంటే పరీక్ష ఇంకా పూర్తి కాలేదని. మరో కోణంలో ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, లేదా పాత ఫిల్ములతో పోలిక కావాలని డాక్టర్ అడుగుతున్నారన్నమాట. అలా మళ్లీ పిలిచినవాళ్లలో చాలామందికి కేన్సర్ ఉండదు. కాబట్టి టెన్షన్ పడొద్దు, వెళ్లడం మాత్రం మానొద్దు.

1, 2 వస్తే భయం లేదు. 3 అంటే కేన్సర్ అయ్యే అవకాశం నూటికి 2కు మించదు, మామూలుగా ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. అసలు చిక్కు 4తోనే. అందులో అవకాశం 2 శాతం నుంచి 95 శాతం దాకా ఉండొచ్చు. అందుకే దాన్ని 4ఎ (10 వరకు), 4బి (50 వరకు), 4సి (95 వరకు) అని విడగొడతారు. రిపోర్టులో ఉత్త 4 అని ఉంటే ఈ మూడింటిలో ఏది అని అడగండి, అది మీ హక్కు.

అనంతపురంలో ఒకలా, బెంగళూరులో ఇంకోలా రిపోర్టు వస్తే ఎవరో ఒకరు మోసం చేశారని అనుకోనక్కర్లేదు. వయసు తక్కువున్న ఆడవాళ్ల రొమ్ములో కొవ్వు తక్కువ, గ్రంథి కణజాలం ఎక్కువ. ఎక్స్‌రేలో అదీ తెలుపే, గడ్డా తెలుపే. ఆదోని యార్డులో పత్తి కుప్ప మీద తెల్లదారం వెతికినట్టే. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకన్నా చిన్న వయసులోనే ఎక్కువగా కనిపిస్తోంది కాబట్టి ఈ ఇబ్బంది మనకు మరీ ఎక్కువ. అల్ట్రాసౌండ్ కలిపి చూస్తే చాలాసార్లు విషయం తేలుతుంది. ఇంకో చిన్న సంగతి: మన ఎండలకు చంకల్లో పౌడర్ కొట్టుకోవడం అలవాటు. పరీక్ష రోజు పౌడర్, డియోడరెంట్ వాడొద్దు. వాటి రేణువులు ఫిల్ములో, కేన్సర్ అనుమానం కలిగించే సున్నపు (కాల్షియం) చుక్కల్లా కనిపించొచ్చు.

చేతికి గడ్డ తగులుతోంది, మామోగ్రామ్ మాత్రం బాగుందంటోంది. అప్పుడు చేతికి తగిలినదాన్నే నమ్మండి. మామోగ్రామ్‌కు కనిపించని కేన్సర్లూ ఉంటాయి. సర్జన్ చేత్తో చూసింది, స్కానింగ్, ముక్క పరీక్ష (గడ్డలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ) – ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. స్కానింగ్ చూస్తే గట్టి అనుమానం, ముక్క పరీక్షలో మాత్రం ‘ఏమీ లేదు’ అని వచ్చిందా? సూది సరైన చోట పడి ఉండకపోవచ్చు. ఇంకోసారి తీయమని అడగండి. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని ఊళ్లో చెప్పే మాటకు భయపడి ముక్క పరీక్ష ఆపేసుకోవడమే నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. ఆ భయంతో పోయేది విలువైన కాలం.

రెండో అభిప్రాయం కోసం కడప నుంచి తిరుపతికో, కర్నూలు నుంచి హైదరాబాదుకో వెళ్తుంటే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. అసలు ఫిల్ములు లేదా సీడీ, ఉంటే పాత మామోగ్రామ్‌లు తీసుకెళ్లండి. ముక్క పరీక్ష అయి ఉంటే ల్యాబ్ నుంచి స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు) అడిగి తెచ్చుకోండి. అక్కడి డాక్టర్ చూడాల్సింది మొదటి డాక్టర్ రాసిన మాటల్ని కాదు, ఆయన చూసిన బొమ్మల్ని.