యజమాని ఆస్టిన్‌లో, పన్ను విజయవాడలో

ఆస్టిన్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి విజయవాడలో తన ఇంట్లోంచే పనిచేసే ఇంజనీరును ఊహించుకుందాం. నెల తిరిగేసరికి డాలర్లు వస్తాయి. అవి ఖాతాలో పడేముందు బ్యాంకు ఒక ప్రశ్న వేస్తుంది: ఈ డబ్బు దేనికి సంబంధించినది? రిజర్వు బ్యాంకు నిర్ణయించిన కోడ్‌ల జాబితాలో ఒకటి ఎంచుకోవాలి. పీ1401 అంటే ఉద్యోగి జీతభత్యం. పీ0802 అంటే సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ. చాలామంది ఇదేమంత పెద్ద విషయమని, స్నేహితుడు ఏది రాశాడో అదే రాసేస్తారు. రిటర్న్ దాఖలు చేసే వేళ ఆడిటర్ ఆ కోడ్ చూసి తల పట్టుకుంటాడు.

ఆ కోడ్ గడి వెనుక వందేళ్లకు పైబడిన చట్టాల కథ ఉంది. చిత్రమేమిటంటే ఆ కథలో ఈ ఇంజనీరు లేడు. చట్టాలు రాసినవాళ్లు దేశం దాటి వెళ్లేవాణ్ణి ఊహించారు, బయటినుంచి ఇక్కడికి వచ్చి పనిచేసే దొరను ఊహించారు. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా పరాయి దేశపు యజమానికి నౌకరీ చేసేవాడు వాళ్ల ఊహకు అందలేదు.

1922 నాటి ఆదాయపు పన్ను చట్టం ప్రధానంగా బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ఆదాయాన్నీ, అక్కడ చేతికందిన ఆదాయాన్నీ పట్టుకునేది. మలయాలో వడ్డీ వ్యాపారం చేసిన చెట్టియార్ల లాభం అక్కడే ఉన్నంతకాలం దాదాపు క్షేమం. ఇక్కడికి తెస్తే పన్ను. 1939 సవరణతో లెక్క తిరగబడింది. మనిషి ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే అతడు నివాసి, నివాసి అయితే బయట పుట్టిన ఆదాయం కూడా పన్ను పరిధిలోకి వస్తుందన్న సూత్రం అప్పుడే స్థిరపడింది. ‘నివాసి అయినా సాధారణ నివాసి కాడు’ అనే మధ్యరకం కూడా అప్పుడు పుట్టినదే. నేటికీ ఆడిటర్లు వేళ్లమీద లెక్కపెట్టే ఆ 182, స్వాతంత్ర్యానికి ఎనిమిదేళ్లు ముందుది.

అప్పటి ‘బయట’ అనే మాటకు మన దగ్గర విచిత్రమైన అర్థం ఉండేది. బెజవాడ బ్రిటిష్ ఇండియా, హైదరాబాదు సంస్థానం. బెజవాడలో ఉంటూ హైదరాబాదులో ఆదాయం పొందేవాడికి, పన్ను చట్టం దృష్టిలో నైజాం రాజ్యం బయటి ప్రాంతమే. 1950 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ఆదాయపు పన్ను హైదరాబాదుకు విస్తరించాకే ఆ గీత చెరిగింది.

1961 చట్టం ఈ సూత్రాన్నే కొనసాగించింది. కాబట్టి మన విజయవాడ ఇంజనీరు విషయంలో ఎవరికి కట్టాలన్న ప్రశ్నకు జవాబు తేలికే. అతడు ఇక్కడి నివాసి, అతడి ప్రపంచ ఆదాయమంతా ఇక్కడ పన్నుకు లోబడుతుంది. అమెరికా చట్టం సైతం జీతం ఎక్కడినుంచి వచ్చిందని చూడదు, పని ఎక్కడ జరిగిందని చూస్తుంది. ఆ దేశ పౌరుడు గానీ నివాసి గానీ కానివాడు అమెరికా బయట కూర్చుని చేసిన పనికి అక్కడ పన్ను లేదు. అందుకే ఉద్యోగి చేరిన వారంలోనే కంపెనీ, తాను అమెరికా పౌరుణ్ణి గానీ నివాసిని గానీ కానని చెప్పే డబ్ల్యూ-8బెన్ అనే ఫారం మీద సంతకం అడుగుతుంది. అది ఇవ్వకపోతే, జాగ్రత్తపరుడైన యజమాని 30 శాతం పట్టుకునే ప్రమాదం ఉంది.

పని జరిగిన చోటే పన్ను అనే మాట మన చట్టంలో స్థిరపడటం వెనుక ఒక కోర్టు గొడవ ఉంది. భారీ కర్మాగారాలు కట్టడానికి విదేశీ నిపుణులు వచ్చే రోజులవి. ఒప్పందం విదేశంలో కుదిరేది, జీతం విదేశంలోనే ముట్టేది, పని మాత్రం ఇక్కడ. అలాంటి ఒక నిపుణుడి కేసులో 1980లో గుజరాత్ హైకోర్టు, జీతం చెల్లించాల్సిన బాధ్యత ఇండియాలో పుడితేనే అది ‘ఇండియాలో ఆర్జించిన’ జీతం అవుతుందని చెప్పింది. ప్రభుత్వం ఊరుకోలేదు. 1983 ఫైనాన్స్ చట్టంతో ఒక వివరణ చేర్చి, ఇండియాలో చేసిన సేవకు ఇచ్చే జీతం ఇండియాలో ఆర్జించినదేనని తేల్చింది. దాన్ని 1979 నుంచే వర్తింపజేసింది.

దొరల కోసం రాసిన ఆ వాక్యం ఇప్పుడు ఎక్కువగా తగిలేది మనవాళ్లకే. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు, తండ్రికి గుండె ఆపరేషన్ అని గుంటూరు వచ్చి, లాప్‌టాప్ తెరిచి మూడు నెలలు ఇక్కడినుంచే పనిచేశాడనుకోండి. ఆ మూడు నెలల జీతం ఇండియాలో చేసిన సేవకు వచ్చిన జీతమే. అతణ్ణి కాపాడేది 1989 సెప్టెంబరు 12న కుదిరి 1990 డిసెంబరులో అమల్లోకి వచ్చిన భారత్–అమెరికా ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం. ఇక్కడ గడిపింది 183 రోజులకు మించకపోతే, యజమాని ఇక్కడి సంస్థ కాకపోతే, ఆ జీతం భారం ఇక్కడి శాఖ మీద పడకపోతే పన్ను లేదని దాని 16వ అధికరణం చెబుతుంది. 1963లో సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ రూపొందించిన నమూనా ఒప్పందంలోని సూత్రమే ఇది. కంపెనీ తరఫున కొన్నాళ్లు ప్రయాణమై వచ్చే ఉద్యోగి కోసం ఏర్పడిన వెసులుబాటు, నాన్న మంచం పక్కన కూర్చుని పనిచేసే కొడుక్కి అక్కరకొచ్చింది.

2020 ఫైనాన్స్ చట్టం ఇక్కడ ఇంకో మెలిక పెట్టింది. ఇండియా ఆదాయం 15 లక్షలు దాటిన ప్రవాస భారతీయుడికి 182 రోజుల గడువు 120కి తగ్గింది. గత నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ గడిపి ఉంటే ఇది వర్తిస్తుంది. అద్దెలు, వడ్డీలు మాత్రమే లెక్కలోకి వస్తాయని చాలామంది నమ్మకం. ఇక్కడ కూర్చుని సంపాదించిన డాలరు జీతం కూడా ఆ 15 లక్షల్లో చేరవచ్చన్న సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. అదే ఏడాది మార్చిలో విమానాలు ఆగిపోయి వేలమంది ఇక్కడే చిక్కుకుపోయారు. ప్రత్యక్ష పన్నుల బోర్డు మే 8న ఒక సర్క్యులర్ ఇచ్చి, ఆ మార్చి నెలాఖరు రోజులను లెక్కలోంచి తీసేసింది. తర్వాతి ఏడాదికి అంత ఉదారత చూపలేదు.

మళ్లీ విజయవాడకు వద్దాం. ఎవరికి కట్టాలో తేలింది సరే, ఎవరు కడతారు? మన దేశంలో జీతగాడు పన్ను కట్టడం ఎప్పుడూ నేర్చుకోలేదు. జీతంలోంచి కోసి మిగిలినది చేతిలో పెట్టే పద్ధతికి తరతరాలుగా అలవాటుపడ్డాడు. ఎంత కోశారో యజమాని రాసిచ్చే ఫారం 16 కాగితం వచ్చిందా, రిటర్న్ వేశామా, అంతే. విదేశీ కంపెనీకి ఇక్కడ కార్యాలయం లేదు, పన్ను కోతకు కావలసిన టాన్ నంబరూ లేదు. 2009లో ఎలీ లిల్లీ కేసులో సుప్రీంకోర్టు, ఇక్కడ చేసిన పనికి విదేశంలో ఇచ్చిన జీతం మీద కూడా కోత బాధ్యత ఉంటుందని చెప్పిన మాట నిజమే. కానీ ఆ కేసులో పట్టుకోవడానికి ఇక్కడొక కంపెనీ ఉంది. ఏ చిరునామా లేని ఆస్టిన్ సంస్థకు నోటీసు పంపేదెవరు?

దాంతో ఉద్యోగే తన జీతాల విభాగం తానై, ఏడాది ముగియకముందే వాయిదాల్లో అడ్వాన్స్ ట్యాక్స్ కట్టుకోవాలి. ఇదీ పాత చట్రమే: రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1944లో ఖజానాకు డబ్బు త్వరగా చేరాలని తెచ్చిన ఏర్పాటు. నేటి లెక్కలో జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి నూరు శాతం. తప్పితే నెలకు ఒక శాతం వడ్డీ. దుకాణదారుకు ఈ తేదీలు కంఠతా వస్తాయి. పదేళ్లు జీతగాడిగా ఉన్నవాడు జులైలో రిటర్న్ వేస్తూ తొలిసారి వీటి గురించి వింటాడు. ఫారం 16 లేకపోవడం ఇంకోచోట కూడా గుచ్చుకుంటుంది: ఇంటి రుణం అడిగితే బ్యాంకు ముందు అడిగేది ఆ కాగితాన్నే, ఈమధ్య పెళ్లి సంబంధాల్లో కొందరు మామగార్లూ అడుగుతున్నారట.

అసలు ముడి ఇంకా రాలేదు. ఇతడు ఉద్యోగా, కాంట్రాక్టరా?

ఇక్కడ సంస్థ లేని అమెరికా కంపెనీ సాధారణంగా ‘స్వతంత్ర కాంట్రాక్టర్’ ఒప్పందం మీదే సంతకం చేయిస్తుంది. మన చట్టంలో ఈ మాట చాలా ఖరీదైనది. 2016 ఫైనాన్స్ చట్టం చిన్న వృత్తి నిపుణుల కోసం 44ఏడీఏ సెక్షన్ తెచ్చింది. వచ్చిన రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, పద్దు పుస్తకాలు అక్కరలేదు, అడ్వాన్స్ ట్యాక్సూ మార్చి 15కి ఒకేసారి కట్టొచ్చు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్ల వంటి వృత్తులకు ఉద్దేశించినది. ఐటీ వృత్తి 2001లోనే ఆ జాబితాలో చేరి ఉంది. మొదట 50 లక్షలున్న పరిమితి 2023లో, నగదు రాబడి ఐదు శాతం మించనివారికి 75 లక్షలైంది.

తేడా ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. ఏడాదికి 40 లక్షలు వస్తున్నాయి. 2025–26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానం రేట్లతో, జీతం అయితే 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా సెస్సుతో కలిపి పన్ను సుమారు 7.88 లక్షలు. 44ఏడీఏ కింద అయితే 2.08 లక్షలు. ఒకే కుర్చీ, ఒకే పని, ఒకే డబ్బు, దాదాపు 5.8 లక్షల తేడా. ఆ కోడ్ గడి దగ్గర చేయి ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు.

కోర్టులు ఒప్పందం మీది శీర్షిక చూసి ఆగవు. ఈ విషయంలో తరచూ గుర్తుచేసే తీర్పు 1956లో ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చినది. అది కార్మిక వివాదం, సౌరాష్ట్రలోని ఉప్పు మళ్లలో పనిచేసే అగరియాల కథ. వాళ్లకు పనిగంటల నియమం లేదు, హాజరు పట్టీ లేదు, కావాలంటే తామే కూలీలను పెట్టుకోవచ్చు. అయినా కోర్టు వాళ్లను కార్మికులేనంది. ఏ పని చేయాలన్నదే కాక ఎలా చేయాలన్నదీ యజమాని అదుపులో ఉంటే అది నౌకరీ అన్నదే కొలబద్ద. ఇప్పుడు మన ఇంజనీరును ఆ కొలబద్ద పక్కన నిలబెట్టండి. రోజూ సాయంత్రం ఏడున్నరకు మీటింగు, సెలవుకు మేనేజరు అనుమతి, కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్, ఏడాదికోసారి పనితీరు మదింపు, వేరే ఎవరికీ పనిచేయకూడదన్న షరతు. ఉప్పు మడిలో అగరియాకు ఇతడికన్నా స్వేచ్ఛ ఎక్కువ. నిజంగా నలుగురు ఖాతాదారులున్న ఫ్రీలాన్సరుకు 44ఏడీఏ న్యాయమైన హక్కు. కాగితం మీద మాత్రమే కాంట్రాక్టర్ అయినవాడు ఆ హక్కు వాడుకుంటే, నా లెక్కలో అది అరువు గొడుగు; వాన గట్టిగా పడ్డ రోజున ఎవరిదో తేలిపోతుంది.

కాంట్రాక్టర్ అంటే జీఎస్టీ కూడా వెంట వస్తుంది. ఉద్యోగి యజమానికి చేసే సేవ జీఎస్టీ పరిధిలోనే లేదు. కాంట్రాక్టర్ చేసేది సేవల ఎగుమతి. రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. ఎగుమతి కాబట్టి పన్ను సున్నా, కానీ ఆ సున్నా కోసం ఏటా హామీ పత్రం సమర్పించాలి, రిటర్న్‌లు వేస్తూ ఉండాలి. డబ్బు విదేశీ మారకంలో వచ్చిందన్న రుజువూ దాచుకోవాలి. అందుకే కొందరు మధ్యేమార్గంగా ‘ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్’ సంస్థల ద్వారా చేరుతున్నారు. ఇక్కడి సంస్థ కాగితం మీద యజమాని అవుతుంది, టీడీఎస్ కోసి ఫారం 16 ఇస్తుంది. పన్ను ఎక్కువే, నిద్ర కూడా ఎక్కువే.

జీతంతోపాటు కంపెనీ షేర్లు వస్తే ఇంకో పేటిక తెరుచుకుంటుంది. 2012లో రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టిక చేరింది. 2015లో నల్లధనం చట్టం వచ్చింది, వెల్లడించకపోతే 10 లక్షల జరిమానా. స్విస్ ఖాతాల మీద గురిపెట్టిన తుపాకీ ముందుకు నాలుగు షేర్లున్న ఉద్యోగి వచ్చి నిలబడ్డాడు. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలలోపు ఉంటే ఆ జరిమానా లేదు. పట్టిక నింపే పని మాత్రం ఉంది.

ఆ షేర్ల మీద డివిడెండు ఇచ్చినప్పుడు అమెరికా ఒప్పందం ప్రకారం 25 శాతం పట్టుకుంటుంది. దాన్ని ఇక్కడి పన్నులో సర్దుబాటు చేసుకోవాలంటే ఫారం 67 వేయాలి. గడువు దాటాక వేస్తే? విదేశీ పన్ను సర్దుబాటు హక్కు ఒప్పందం ఇచ్చినదని, ఫారం కేవలం పద్ధతి అని ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ బెంగళూరు బెంచ్ 2021లో చెప్పింది. విశాఖపట్నం బెంచ్ 2022లో గడువు తప్పనిసరి అంది. 2023లో మద్రాసు హైకోర్టు బెంగళూరు వాదనవైపే మొగ్గింది. ఒకే ఫారం ఆలస్యం, విశాఖలో ఒక ఫలితం, బెంగళూరులో మరొకటి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం అమలు; పైన చెప్పిన సెక్షన్, ఫారం నంబర్లు పాత చట్టానివి. 819 సెక్షన్లు 536కు తగ్గాయి, గత సంవత్సరం–మదింపు సంవత్సరం అనే జంట పదాల బదులు ‘పన్ను సంవత్సరం’ వచ్చింది. నివాసి నిర్వచనం, 182 రోజులు, సేవ జరిగిన చోటు అన్న సూత్రం మాత్రం అలాగే ఉన్నాయి. ఇంటినుంచి విదేశానికి పనిచేసేవాడి కోసం ప్రత్యేకంగా ఒక సెక్షన్ కూడా రాయలేదు.

ఇక ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఉన్నవారికి ఒక చిల్లర బాకీ. 1987 నాటి వృత్తి పన్ను చట్టం ప్రకారం, కోసి కట్టే యజమాని ఇక్కడ లేనివాడు తానే నమోదు చేయించుకుని కట్టాలి. రాజ్యాంగం దీనికి విధించిన గరిష్ఠ పరిమితి ఏడాదికి 2,500 రూపాయలు. 1988 సవరణ నాటి ఆ అంకె ఇప్పటికీ మారలేదు. డాలర్ల లెక్కల్లో మునిగిపోయి ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే.