కేంద్రకం గడప దాటే వైరస్ ప్రోటీన్లు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఎమ్మెస్సీ పిల్లలకు వైరాలజీ చెబుతుంటాను. ఏటా కొన్ని మాటలు మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి.

అపోహ: వైరస్ ప్రోటీన్లు కేంద్రకంలోనే తయారవుతాయి.
వాస్తవం: కాదు. ప్రోటీన్ తయారీ కణద్రవ్యంలోని రైబోజోముల మీదే. కేంద్రకంలో పనున్నవి ముందు లోపలికి వెళ్తాయి, తర్వాతే బయటికి రావడం.

అపోహ: చిన్న ప్రోటీన్ కేంద్రక రంధ్రంలోంచి జారిపోతుంది, దానికి సిగ్నల్ ఎందుకు?
వాస్తవం: సుమారు 40 కిలోడాల్టన్ల (అణువుల బరువు కొలత) లోపువి జారగలవన్నది నిజమే. హెచ్‌ఐవీలోని రెవ్ ప్రోటీన్ 116 అమైనో ఆమ్లాలే. కానీ అది ఒంటరిగా రాదు. స్ప్లైసింగ్ (ఆర్‌ఎన్‌ఏలో కొన్ని ముక్కలు కత్తిరించి మిగతావి అతికించడం) జరగని, 9 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏను మోసుకురావాలి. అలాంటి ఆర్‌ఎన్‌ఏను కణం మామూలుగా గడప దాటనివ్వదు. మన పోర్టు గేటు దగ్గర చూడండి: మనిషి దాటడం వేరు, కంటైనర్ లారీ దాటడం వేరు. లారీకి కాగితాలు కావాలి. లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువున్న చిన్న ముక్కే రెవ్ చేతిలోని కాగితం, అంటే ఆ సిగ్నల్. దాన్ని సీఆర్‌ఎం1 అనే కణ ప్రోటీన్ పట్టుకుంటుంది. లోపల ర్యాన్-జీటీపీ (జీటీపీ అనే చిన్న అణువును పట్టుకున్న ర్యాన్ ప్రోటీన్) తోడైతేనే ఆ పట్టు బిగుస్తుంది. బయట ఆ జీటీపీ ఒక ఫాస్ఫేట్ కోల్పోయి జీడీపీగా మారగానే సరుకు దిగిపోతుంది. రాకపోకల దిశను తేల్చేది ఈ తేడానే. ఇంత పొదుపైన ఏర్పాటు గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

అపోహ: వైరస్ తన దారి తానే తవ్వుకుంటుంది.
వాస్తవం: హెచ్‌ఐవీ, ఫ్లూ వాడేది కణం గేటునే. హెర్పిస్ విషయంలో మాత్రం ఈ మాటలో కొంత నిజముంది. దాని క్యాప్సిడ్ (జన్యుపదార్థాన్ని కప్పే ప్రోటీన్ తొడుగు) సుమారు 125 నానోమీటర్లు, రంధ్రంలో పట్టదు. అందుకే కేంద్రక పొరలోంచి మొగ్గలా ఉబ్బి బయటపడుతుంది.

అపోహ: సీఆర్‌ఎం1ను ఆపితే జబ్బు నయమవుతుంది.
వాస్తవం: లెప్టోమైసిన్-బి అనే రసాయనం వేస్తే సీఆర్‌ఎం1 మూతపడుతుంది. లోపలికీ బయటికీ తిరిగే, మెరిసేలా గుర్తు తగిలించిన ప్రోటీన్ కేంద్రకంలోనే పేరుకుపోవడం మైక్రోస్కోపులో కళ్ళారా చూడొచ్చు. అయితే కణం సొంత ప్రోటీన్లు వందలకొద్దీ వెళ్ళేదీ ఆ గేటులోంచే. లెప్టోమైసిన్‌ను క్యాన్సర్ రోగులపై పరీక్షించినప్పుడు తిండి సయించనంత బాధ కలిగింది, పక్కన పెట్టేశారు. అదే గేటును ఆపే సెలినెక్సార్ అనే మందుకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, అదీ మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు.

ఒక అవగాహన సభలో ఒకాయన అడిగారు: "గేటు మూసే మందు వస్తుందంటున్నారు కదండీ, హెచ్‌ఐవీకి వేసుకునే ఏఆర్‌టీ మాత్రలు ఆపేయమంటారా?" వద్దండీ, ఒక్కరోజు కూడా ఆపకండి. ఆ మాత్రలకు ఈ గేటుతో పని లేదు. అవి రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్, ఇంటిగ్రేజ్ లాంటి వైరస్ ఎంజైములనే అడ్డుకుంటాయి.